కుట్టుకు వదిలిన రెండు

గీతకు ఒక సెంటీమీటరు బయటగా కత్తెర పెట్టి, టైలరు చొక్కా గుడ్డను సర్రున కోశాడు. ఆ సెంటీమీటరు కుట్టులోకి పోతుంది. ముప్పై ఏళ్ళుగా మిషను తొక్కుతున్న మనిషి. నడుము వంగింది, చూపుడువేలి కొస సూదిపోట్లకు గట్టిపడింది. మెడలో టేపు లేకపోతే ఒంటిమీద చొక్కా లేనట్టే ఉంటుంది ఆయనకు.

కూతురికి లెక్కలు చెబుతాడని పక్క కొట్టువాళ్ళు ఆయన్ని 'మాస్టారూ' అని ఆటపట్టిస్తారు. ఆయన కాదనడు. పదో తరగతి పాసయ్యానని కూతురి దగ్గర ఏనాడో కోతలు కోశాడు. నిజానికి ఏడులో లెక్కలు తప్పి బడి మానేసినవాడు. ఆ సంగతి తెలిసింది చెల్లెలొక్కతికే. ఆవిడ వేరే ఊళ్ళో లెక్కల టీచరు. మూడు రోజులుగా వీళ్ళింట్లోనే ఉంది, సాయంత్రం ఆరింటి బస్సుకు వెళ్ళిపోతుంది. "పిల్లను నాతో పంపు అన్నయ్యా, చదివిస్తా" అంటే, "నేను లేనా చెప్పడానికి?" అని రొమ్ము విరుచుకున్నాడు.

నిన్నటి హోంవర్కు కూడా ఆయనే చెప్పాడు. దీర్ఘచతురస్రం పొడవు వెడల్పుకు రెట్టింపు, చుట్టుకొలత అరవై సెంటీమీటర్లు, వెడల్పెంత? ఎక్స్ అనే అక్షరం కనబడితే ఆయన గుండెల్లో రాయి పడుతుంది. "ఎక్సూ వద్దు, వైయూ వద్దు" అంటూ టేపును అరవై దాకా పట్టి ఆరు మడతలు వేశాడు. మడతకు పది. చెయ్యి ఊరుకోదు కదా, అటొకటి ఇటొకటి కలిపి, "పన్నెండు, రాసుకో" అన్నాడు. అలా నాలుగు లెక్కలు.

బడి వదిలాక కూతురు నేరుగా కొట్టుకే వచ్చి నోటుపుస్తకం బల్ల మీద పెట్టింది. నాలుగు లెక్కలకూ ఎర్ర ఇంటూ గుర్తులు.

"అన్నీ తప్పేనంట నాన్నా. మా నాన్న టెన్త్ పాసు, తప్పు చెప్పడు అన్నాను. క్లాసంతా నవ్వారు."

కొలతలివ్వడానికి వచ్చిన ఇద్దరు ఇటే చూస్తున్నారు. చేతిలో కత్తెర చూసుకోగానే తప్పెక్కడో ఆయనకు తెలిసిపోయింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. నాదే తప్పమ్మా అంటే అయిపోయేది.

"నేను సరిగ్గానే చెప్పాను. నువ్వే పరాకుగా రాసుంటావ్."

పిల్ల ఆయన ముఖంలోకి చూసింది. ఏడ్చినా బాగుండేది.

"అయితే నేను అత్తతో వెళ్తాను నాన్నా."

ఆయన తల తిప్పుకుని వచ్చినవాళ్ళలో ఒకడి భుజం కొలవసాగాడు. వెనకాల కాసేపు పెన్సిలు గరగర వినిపించింది, తర్వాత చెప్పుల చప్పుడు. ఆ భుజం కొలత మూడుసార్లు తీసినా ఆయనకు గుర్తుండలేదు.

ఆరు కావస్తుంటే పని వదిలేసి బస్టాండుకు పరుగెత్తాడు. పిల్ల అప్పటికే కిటికీ పక్కన కూర్చుంది. చెల్లెలు మెట్టు మీద నిలబడి, "నీ ఏడో తరగతి సంగతి నా నోట రాదులే" అంది మెల్లగా. ఆ జాలికి ఆయనకు చచ్చినంత పనైంది. కిటికీ దగ్గరికి వెళ్ళాడు. తప్పు తనదేనని చెబుదామనుకున్నాడు.

"జాగ్రత్తమ్మా," అన్నాడు.

"సరే నాన్నా." బస్సు కదిలింది.

కొట్టుకు తిరిగొచ్చేసరికి నోటుపుస్తకం బల్ల మీదే ఉంది. మొదటి ఎర్ర గుర్తు కింద పెన్సిలుతో చిన్న అక్షరాలు: 'నాన్న కుట్టుకు రెండు వదిలాడు. తీసేస్తే పది.' మిగతా మూడింటి కిందా అలాగే రెండు తీసేసి ఉంది. ఎక్కడా టెన్త్ మాట లేదు.

మూసిపెడదామని చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. గుడ్డ పీలికల మధ్య ఆ పుస్తకం తెరిచినట్టే ఉంది.