సీసాలమ్మ నెత్తురు

సీసాలమ్మ మూడో తొట్టిలో గాజుబుడ్లను తిప్పి తిప్పి కడుగుతోంది. మొదటి తొట్టిలో సబ్బునీళ్ళు, రెండోదాంట్లో మామూలు నీళ్ళు, మూడోదాంట్లో మరక పడని శుద్ధమైన నీళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా ఆ ప్రయోగశాలలో ఆమె పని ఇదే. వేళ్ళ చివర్లు నానీ నానీ తెల్లగా ముడతలు పడ్డాయి. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

మెదడు పొరలకు పట్టే జ్వరానికి టీకా రాబోతోంది. అది వేయకముందే, జనంలో ఎందరికి తట్టుకునే శక్తి దానంతటదే వచ్చి ఉందో చూడమన్నారు. అరవై మంది నెత్తురు కావాలంటే యాభై తొమ్మిది మందే వచ్చారు. "నువ్వు కూర్చో, సరిపోతుంది" అని డాక్టరమ్మ సీసాలమ్మ చెయ్యి చాపించింది.

ఒక్కొక్కరి నెత్తుటి తేటలో ఆ క్రిముల్ని కలిపి గాజు పళ్ళెంలో పోసి, మర్నాడు చూస్తారు. చుక్కలు మొలిస్తే నెత్తురు ఓడినట్టు, పళ్ళెం ఖాళీగా ఉంటే గెలిచినట్టు. వాటిని ఉడికించి కడిగేది తనే కాబట్టి, అక్షరం ముక్క రాకపోయినా సీసాలమ్మకు ఆ చదువు వచ్చు. అరవయ్యో పళ్ళెం అద్దంలా ఉంది.

"నీదే. ఎంత పలచన చేసినా క్రిమి బతకట్లేదు. బంగారంలాంటి నెత్తురమ్మా నీది!" అంది డాక్టరమ్మ.

సీసాలమ్మ పొంగిపోయింది. "నేనే సూదీ వేయించుకోలేదు కదమ్మా, ఎలా వచ్చింది?"

"ఆ క్రిమి ఎప్పుడో నీ గొంతులో కాపురం చేసి పోయుంటుంది. చాలామందికి అంతే. జ్వరం రాదు, ఏమీ రాదు. ఒళ్ళే దాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. పసిపిల్లలకి ఆ శక్తి ఉండదు కదా, వాళ్ళనే ఎక్కువ పట్టుకుపోతుంది."

"గొంతులో ఉంటే పక్కవాళ్ళకి అంటుతుందా?"

"అంటుతుంది. ఎక్కువగా ఇంట్లోవాళ్ళ నుంచే. తమకుందని వాళ్ళకే తెలీదు పాపం."

సీసాలమ్మ చేతిలోని బుడ్డి తొట్టిలోకి జారింది. పగల్లేదు.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట పద్నాలుగు నెలల కొడుకు పొద్దున ఆడుకున్నాడు, సాయంత్రానికి ఒళ్ళంతా ఊదారంగు మచ్చలతో పోయాడు. అదీ ఈ జ్వరమేనన్నారు. ముందురోజు తోటికోడలు జలుబుతో ఉండి కూడా వాణ్ణి ఎత్తుకుని ముద్దాడింది. "నీ నోటి జబ్బే నా బిడ్డని మింగింది" అని సీసాలమ్మ నలుగురిలో అరిచింది. పెదవి దాటితే పృథ్వి దాటుతుందంటారు. ఆ మాట మోయలేక తోటికోడలి సంసారం ఊరి ఆ చివరికి మారిపోయింది. ఆమె పేరెత్తితే సీసాలమ్మ ఇప్పటికీ గయ్యిమంటుంది కనక ఎవరూ ఎత్తరు. తిట్టడానికంటూ ఒక మనిషి ఉంటే ఏడుపు కాస్త తేలిక.

కానీ వాడికి ప్రతి ముద్దా నోటితో ఊది చల్లార్చి పెట్టిందెవరు?

"ఆ క్రిమి నా గొంతులోకి ఎప్పుడొచ్చిందో తెలుస్తుందా అమ్మా?"

"తెలీదు. ఎవరూ చెప్పలేరు." డాక్టరమ్మ అప్పటికే అరవై అంకెకు ఎదురుగా టిక్కు పెడుతోంది.

సాయంత్రం సీసాలమ్మ ఇంటికి పోకుండా బస్సెక్కింది. దారిపొడుగునా ఒకే మాట కూడబలుక్కుంది: చెల్లీ, నీ వల్ల కాదేమో, నా వల్లేనేమో.

తలుపు తీసింది తోటికోడలి కోడలు. చంకలో ఏడాది పాప.

"పెద్దత్తయ్యా! మీరా?" ఆ పిల్ల తడబడింది. "అత్తయ్య పోయి మూడు వారాలైందండీ. నిద్రలోనే. కబురు చేద్దామంటే, అక్కని ఇబ్బంది పెట్టొద్దని ముందే చెప్పి పెట్టింది."

సీసాలమ్మ చంకలోని పాపకేసి చూసింది.

"దీన్ని ఒక్కసారైనా ముద్దు పెట్టుకోలేదండీ. నా నోరు మంచిది కాదు, బిడ్డలకి కీడు అనేది. ఆవిడ గ్లాసు కూడా వేరే. ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు, తనే తోముకునేది. ఇంతకీ ఏదో చెప్పడానికి వచ్చినట్టున్నారు?"

"ఏం లేదమ్మా."

పాప చేతులు చాచి మీదికి ఉరికింది. సీసాలమ్మ కొంగుతో నోరు మూసుకుని రెండడుగులు వెనక్కి వేసింది, తర్వాత తిరిగి చూడకుండా మెట్లు దిగింది.

కిటికీ గట్టు మీద స్టీలు గ్లాసు ఒకటి బోర్లించి ఉంది, దాని మీద చెక్కించిన పేరు తోమీ తోమీ చదవడానికి రాకుండా అరిగిపోయింది.