నల్లతేలు పట్టు

హేమంతము ప్రవేశించిన తొలిదినములవి. కృష్ణా కాలువపై రాత్రి యెల్ల బఱచుకొనియున్న మంచు తూర్పున బొడసూపిన బాలభానుని లేయెండకు గొనలనుండి చుట్టుకొనిపోవుచుండ గట్టుమీద దివాచీ నేతగాండ్రు రంగులద్దిన యున్నికండెలను వెదురుగడలపై నారవైచుచుండ జనుపనార మిల్లు పొగగొట్టము నీలాకాశమున నొక ధూమ్రరేఖను దీర్చుచుండ ఏలూరు పురము నిద్రమబ్బు వీడి యాదివారపు మందగమనమున మేల్కొనుచుండెను.

ఆ పురమున బడమటివీథిలో నొక చిన్న పెంకుటింట గుమ్మళ్ల శేషారత్నమను విశ్రాంత వ్యాయామోపాధ్యాయిని నివసించుచుండెను. అరువదియాఱేండ్ల ప్రాయమున సైతము నిటారైన వెన్నును ముప్పదియేండ్లు బాలికలచే గవాతు చేయించి గడించిన కంచుకంఠమును గల యా మహిళకు ఊర బేరు దెచ్చినది మాత్రము పాఠశాల గాదు. ఇరువదియొకటవ యేట నామె కన్నులార జూచిన యొక కుస్తీపోటీయు దాని మఱునాటి యుదయమున రైలుస్టేషనులో నామె యొనర్చిన యొక కార్యమును. మాసమున కొక యాదివారము మిల్లు కార్మికసంఘ భవనమున బాతకాలపు కుస్తీ యభిమానులు పదునైదుగురు గుమిగూడి తాము చూచిన మల్లురను దలచుకొని మురియుదురు. ఎవరెన్ని కథలు చెప్పినను గడపట శేషారత్నము లేచి యా పోటీని వర్ణింపనిదే సభ ముగియదు. ఆనాడును బదిగంటలకు సభ గలదు.

ఆ పోటీ నలువదియైదేండ్ల క్రిందటి మాట. అప్పటి దినములలో ఫ్రీస్టైలు కుస్తీ యనిన నాబాలవృద్ధమును నిద్రాహారములు మఱచెడివారు. జట్కాబండిపై మైకు గట్టి కరపత్రములు వెదజల్లుచు వీథివీథిని జాటింపు వేయుదురు. మైదానమున గుడారమెత్తి గోనెపట్టలు గుట్టి పఱచిన యరుగు చుట్టును మోకులు బిగించి రంగము సిద్ధపఱతురు. ఆ రంగమున జనుల యారాధ్యదైవము గజకేసరి. విశాలవక్షుడు మందహాసముఖుడు ధర్మము దప్పి చేయి యెత్తనివాడు. వానికి జన్మవైరి నల్లతేలు. నున్నగా గొఱిగిన తలయు గాటుక దట్టించిన కనుబొమలును మెలిదిరిగిన చెవులును గల యా క్రూరాకారుడు హంగేరీ దేశమునుండి వచ్చినవాడని కరపత్రములు చాటెను. కన్నులలో మన్ను జల్లుట కఱచుట పడినవానిని దన్నుట యాతని విద్యలు. ఆతడు నోరు దెఱచి యొక్క మాట యాడగా విన్నవాడు లేడు. ఆ మౌనమే జనమున కధికభీతి గొల్పెడిది.

మిల్లులో మేస్త్రీగా నున్న తండ్రి వీరాస్వామి ప్రక్కన మొదటి వరుసలో గూర్చుండి శేషారత్నము చూచుచుండ మూడవ రౌండున గజకేసరి యకస్మాత్తుగా నొక్క త్రుటి నిలిచిపోయెను. ఆ త్రుటిలో నల్లతేలు మీదికుఱికి వాని మెడను దన చంకలో నిఱికించుకొని బిగబట్టెను. పట్టిన పట్టు విడువలేదు. ఒక నిమిషము గాదు రెండు గాదు పది నిమిషములు. గజకేసరి ముఖము శత్రువు ప్రక్కటెముకలలో మఱుగుపడగా గాళ్లు గోనెపట్టపై నీడ్చుకొనుచుండగా ఆ దుర్మార్గుడు వానిని మోకునుండి మోకునకు ద్రిప్పుచుండెను. రెండువేలమంది జనము వదలరా వదలరా యని యొక్క గొంతుకతో నఱచిరి. స్త్రీలు కన్నులు మూసికొనిరి. ఎవడో విసరిన సోడాబుడ్డి నుదుట దగిలి నెత్తురు చిమ్మినను నల్లతేలు చేయి సడలింపలేదు. కడకేమి జరిగెనో కన్ను గుఱుతింపకమునుపే వాడు వెలికిల బడియుండెను; వాని ఱొమ్ముపై గజకేసరి యొఱిగియుండెను. రిఫరీ మూడు లెక్కించి గజకేసరి కుడిచేతిని బట్టి పైకెత్తెను. గుడారము దద్దరిల్లెను.

మఱునాటి యుదయమున దండ్రితో గూడ శేషారత్నము గజకేసరికి బూలదండ వేయుటకు స్టేషనునకు బోయెను. గజకేసరి కానరాలేదు. రైలుపెట్టె వాకిట నల్లతేలు నుదుట గట్టుతో నిలిచి యెవ్వరిని లోనికి బోనీయక యడ్డుపడుచుండెను. యువతి యొడలు మండిపోయెను. ఆయనను జంపుదువా యని యడిగెను. వాడు పలుకలేదు. ఆమె వాని ముఖమున నుమిసెను. వాడు తుడుచుకొననైన లేదు. అటుపిమ్మట గజకేసరి యే రంగమునను గానరాలేదు. కొన్నియేండ్లకు మరణించెనని వార్త వచ్చెను. నల్లతేలు పట్టే యాతనిని బొట్టన బెట్టుకొన్నదని పురమెల్ల నమ్మెను. అట్టివాని ముఖమున నుమిసిన సాహసికురాలిగా శేషారత్నమును గౌరవించెను.

ఆ హేమంతపు టాదివారమున నెనిమిదిగంటల వేళ వాకిట నొక యాటో వచ్చి యాగెను. దానినుండి డెబ్బదియేండ్లు దాటిన యొక వృద్ధురాలు మెల్లగా దిగి గుమ్మముకడ నిలిచెను.

“శేషారత్నం మేడం గారిల్లు ఇదేనా అమ్మా? మాది బొబ్బిలి దగ్గర పల్లె. నా పేరు రౌతు పైడమ్మ. గజకేసరి నా పెనిమిటి.”

తాను నలువదియైదేండ్లుగా గీర్తించుచున్న మహావీరుని యిల్లాలు తన గడపయందు నిలిచియుండెనను నూహకు లోనై శేషారత్నము తొట్రుపడుచు నామెను జేయి పట్టి లోనికి దోడ్కొని వచ్చి కుర్చీలో గూర్చుండబెట్టెను.

“వారపత్రికలో మీ బొమ్మ ఏసినారు. నల్లతేలు మొకాన ఉమ్మిన మనిషని రాసినారు. మా మనవరాలు సదివి ఇనిపించింది.”

“అవునండి. ఆ రోజు మీ ఆయన తరఫున నేను చేయగలిగింది అదొక్కటే” యని శేషారత్నము గర్వము దొణికిసలాడు కంఠముతో బలికెను.

పైడమ్మ యే యాగ్రహమును లేక చెప్పెను. “నల్లతేలు మా అన్నయ్యమ్మా. నా తోడబుట్టినోడు. మరిశర్ల సింహాద్రి ఆయన పేరు.”

మెట్టు గలదని కాలు మోపినచోట శూన్యము దగిలినట్లు శేషారత్నమునకు దోచెను. “హంగేరీ...” యని సగము మాట వెడలి యాగిపోయెను.

“ఏ హంగేరీ తల్లీ. నోరిప్పితే బొబ్బిలి మాట బయటపడిపోద్దని ఆటలో మాటాడీవోడు కాడు. ఇంట్లో బావా బావమరుదులు ఒక్క కంచంలో తినీవోరు. ఆ దినం ఆట మద్దిలో మా ఆయనకి పచ్చవాతం కొట్టీసింది. ఎడం చెయ్యి, ఎడం కాలు పడిపోనాయి. మూతి వంకర పోయింది. జనం సూడకముందే అన్నయ్య సూసినాడు. నన్ను పడనీకు బావా అన్నాడంట ఈయన. మెడ పట్టీసినాడని మీరంతా అనుకున్నారు. మనిషిని మోసినాడమ్మా.”

శేషారత్నము మనోనేత్రము ముందఱ నా రంగము మరల నిలిచెను. తాను వేయిమాఱులు వర్ణించిన ప్రతిదృశ్యమును దలక్రిందులై కానవచ్చెను. మఱుగుపడిన ముఖము వక్రించిన నోటిని దాచుటకై మఱుగుపడినది. ఈడ్చుకొనిపోయిన కాళ్లు చచ్చుబడిన కాళ్లు. నెత్తురు గన్నులలోనికి గాఱుచున్నను సడలని యా చేయి సడలియుండినచో నొక మహామల్లుడు రెండువేలమంది కన్నుల యెదుట గూలిపోయియుండును. వెలికిల బడినవాడు తానుగా బడి చచ్చుబడిన దేహమును దన ఱొమ్ముపై కెత్తుకొన్నాడు. రిఫరీ కుడిచేతినే యేల యెత్తెనో ఆమె కిప్పు డర్థమయ్యెను. ఇంక స్టేషను. అడుగకయే పైడమ్మ చెప్పెను.

“పెట్టెలో బల్ల మీద పండబెట్టినారమ్మా. ఆ వంకరమూతి ఊళ్లోవోళ్లు సూడకూడదని అన్నయ్య గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. తరవాత పదకొండేళ్లు ఈయన మంచంలోనే ఉన్నాడు. నీళ్లు పోసినా, బువ్వ పెట్టినా అన్నయ్యే. మంచాన పడ్డాను గాని జనంలో మీ అన్న నన్ను పడనియ్యనేదే అని సచ్చిందాకా అనీవోడు. ఆటోలో ఉన్నాడమ్మా అన్నయ్య. నేను మీకీ మాట సెప్తన్నానని తెల్దు.”

శేషారత్నము లేచి వాకిటికి నడచెను. ఆటోలో నెనుబదియేండ్ల వృద్ధుడు చేతికఱ్ఱపై గడ్డము మోపి కూర్చుండియుండెను. తలపై వెండ్రుక లేదు. చెవులు మెలిదిరిగియుండెను. నుదుట సన్నని తెల్లని మచ్చ యొకటి గలదు.

“నేనండి... ఆ రోజు స్టేషన్లో” నని యామె యాగిపోయెను.

“తెల్సమ్మా. పత్రికలో సూసి ఆనవాలు పట్టినాను.”

“నాకు తెలీదండి. మీరు ఆయన్ని కాపాడారని నాకు తెలీదు.”

వృద్ధుడు సోదరి వంక జూచెను. “సెప్పీసినావా పైడీ” యని నిట్టూర్చెను. తరువాత శేషారత్నముతో మెల్లగా బలికెను. “కాపాడ్నేదమ్మా. ఆ పది నిమిషాల్లో డాక్టర్ని పిలిసుంటే బావ సెయ్యి తిరిగి వొచ్చీదేమో. పడనీకన్నాడు, ఇన్నాను. ఇనకుండా కింద పండబెట్టీసి, డాక్టరో అని కేకెయ్యాల. కేకేస్తే నా నోట తెలుగొస్తాది, ఆటంతా బయటపడిపోద్ది. అదీ ఆలోసించినానమ్మా నేను. బావ పానం పోతన్న యేళ అదీ ఆలోసించినాను. మీరు తెలీక ఉమ్మినారు. నాకు మాత్రం సరిగ్గానే తగిలింది.”

“పది నిమిషాలకి ఏటీ మారదని పెద్దాసుపత్రి డాక్టరు సెప్పినాడు గదా” యని పైడమ్మ వెనుకనుండి యనెను.

“నలభై ఐదేళ్లనించీ ఇదే సెప్తంది” యని యాతడు చేయి విదిల్చెను.

శేషారత్నమునకు రెండవ దిగ్భ్రాంతి మొదటిదానికంటె దారుణమయ్యెను. తా నుమిసినది నిరపరాధిపై ననుకొని క్షమాపణ కోరుటకు వచ్చినచోట క్షమింపదగిన తప్పేదియు నామెకు మిగులలేదు. ఆ తప్పును సైత మాతడు తన లెక్కకే చేర్చుకొనియుండెను.

“మరి ఇంత దూరం ఎందుకొచ్చారండీ?”

“మా బావ గెలిసింది సూసినోళ్ల నోట ఒక్కసారి ఇనాలని. నేను కింద పడున్నాను గదమ్మా, నాకేటీ అవుపళ్లేదు. మీరు ఎప్పుడూ సెప్పినట్టే సెప్పండి. నా పేరు తెలవనియ్యకండి. నేను మంచోణ్ణయిపోతే బావ గెలుపు గెలుపు కాకుండా పోతాది.”

పదిగంటలకు సభ ప్రారంభమయ్యెను. కడపటి వరుసలో సింహాద్రియు బైడమ్మయు గూర్చుండిరి. పొరుగూరినుండి వచ్చిన యభిమానులు కాబోలునని యెవ్వరును బట్టించుకొనలేదు. శేషారత్నము లేచి నిలిచెను. చాటింపు చెప్పెను గుడారము చెప్పెను గజకేసరి మందహాసము చెప్పెను. పట్టు ఘట్టము రాగానే వాడుక ప్రకారము పదునైదుగురు వృద్ధులును బసివాండ్రవలె వదలరా వదలరా యని యఱచిరి. ఆ కేకలలో వెనుకనుండి వచ్చిన యొక జీరకంఠము నామె పోల్చెను. నల్లతేలు తన్ను దానే వదలు మని యఱచుచుండెను. ఎట్లో గజకేసరి చేయి పైకెత్తబడువఱకు జెప్పి కూలబడెను. చప్పట్లు మ్రోగెను. అందఱికంటె ముందుగా మ్రోగినవి వంకరపోయిన వ్రేళ్లు గల రెండు ముసలిచేతులు. కన్నీరు తుడుచుకొనుటకు సైతము చప్పట్ల నాపక యా వృద్ధుడు బావ గెలుపును గన్నులు మూసికొని చూచుచుండెను.

అభిమానులలో బెద్దవాడైన తివాచీ నేతగాడు గఫూర్ సాహెబు లేచి “స్టేషన్ సంగతి చెప్పలేదు మేడం గారూ” యని గుర్తుచేసెను.

“ఇవాళ్టికి ఇంతేనండి.”

వెనుకవరుసనుండి మాట వచ్చెను. “సెప్పండమ్మా. అదీ ఇనాలనే వొచ్చినాను.”

శేషారత్నము వాని వంక జూచెను. ఆ చూపున వేడుకోలు గాని వ్యంగ్యము గాని లేదు. తీర్పు వినుటకు నిలిచినవాని నెమ్మది మాత్రమే యుండెను. ఆమె నాలుగే మాటలలో జెప్పెను. గుమ్మమున నిలిచియుండె ననెను. అడిగితి ననెను. పలుకలే దనెను. ఉమిసితి ననెను. సభ యెప్పటివలెనే నవ్వి చప్పట్లు గొట్టెను. సింహాద్రి తల యొక్కమా ఱూపి చేతికఱ్ఱ నూతగా లేచి చెల్లెలు వెంటరాగా మఱల వెనుదిరిగి చూడక వెడలిపోయెను. పైడమ్మ కొంగు నోట గ్రుక్కుకొనియుండెను.

“ఎవరమ్మా ఆ పెద్దాయన?” యని గఫూర్ సాహెబు డగ్గఱకు వచ్చి యడిగెను.

“గజకేసరి బావమరిది, సాయిబు గారూ.”

“అలాగా. అయితే ఆ నల్లతేలంటే మనందరి కన్నా ఆయనకే ఎక్కువ కోపం ఉండి ఉంటుంది.”

“అవునండి” యని శేషారత్నము చాల మెల్లగా ననెను. “ఆయనకే ఎక్కువ.”

సాహెబు తల పంకించి తేనీటి కొఱకు వెడలెను. ఆమె మాత్రము కుర్చీ విడిచి లేవలేదు. మల్లుల జయాపజయములు నిర్ణయించుటకు రిఫరీ కలడు. తన యెడ దానే తీర్పు చెప్పుకొన్నవానిని విడిపింపగల న్యాయాధిపతి మాత్రము ముల్లోకములందును లేడు.