ఆపినా ఆగని మోత

కుట్టు మిషన్ల మెకానిక్ ఏడో నంబరు మిషనును ఆ వారంలో మూడోసారి విప్పాడు. అతని పద్ధతి ఒక్కటే. స్క్రూడ్రైవరు మొన మిషనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటాడు. ఇరవై ఏళ్లుగా ఆ షెడ్డులో అతని చెవి చెప్పిందే వేదం. ఇప్పుడు లోపల ఏదో సన్నగా కీచుమంటోంది. బేరింగు మార్చాడు, నూనె పోశాడు, అయినా పోలేదు.

"ఇంకొక్కసారి తప్పు చెప్పావంటే కొత్తవాణ్ణి పెట్టుకుంటా," అని పొద్దున్నే యజమాని మొహం మీదే అనేశాడు.

భోజనాల వేళ కావడంతో మిగతా మిషన్లన్నీ ఆగి ఉన్నాయి.

"అన్నా, దానికి ఏ రోగమూ లేదు. నువ్వే కోసి కోసి చంపేలా ఉన్నావు," అంది ఆ మిషను మీద కుట్టే ఆవిడ.

"నీకు వినపడట్లేదామ్మా? చెవులకు తూట్లు పడుతోంటే!"

ఆవిడ లేచి స్విచ్చి ఆపేసింది. చక్రం నెమ్మదించి నిలిచిపోయింది.

"ఇప్పుడు?"

అతను విన్నాడు. కీచు అలాగే ఉంది. స్క్రూడ్రైవరు తీసేశాడు. అయినా ఉంది. స్టూలు మీద కూలబడ్డాడు.

"నా చెవేనమ్మా. అమ్మ పోయిన రోజు తమ్ముడితో గొడవపడ్డాను, అప్పటి నుంచీ ఇదే. చెవి బాగానే ఉంది, మనసులో బరువుంటే మోత పెరుగుతుంది అన్నాడు డాక్టరు. మోతకి నిద్ర రాదు, నిద్ర లేక దిగులు, దిగులుకి మళ్లీ మోత. గానుగెద్దు బతుకు. నేనే నమ్మక మిషను మీదికి తోశాను."

"ఏమన్నావేంటి తమ్ముణ్ణి?"

"నువ్వు సమయానికి రాకే అమ్మ పోయిందన్నాను."

"అబ్బో! మిషనుకి బ్రేకులు బిగిస్తావు, నోటికి మాత్రం మరిచిపోయావు," అని ఆవిడ నిట్టూర్చింది. "వెళ్లి యజమానికి ఉన్నది చెప్పు. వినడానికి నేనుంటాను, విప్పడానికి నువ్వుండు."

యజమాని అంతా విని, "ఒక నెల చూద్దాం," అన్నాడు. ఆ మాటలో అభయమూ లేదు, బెదిరింపూ లేదు.

మెకానిక్ మెట్ల మీద కూర్చుని, గొడవైన నాలుగు నెలలకి తొలిసారి తమ్ముడికి ఫోను చేశాడు.

"ఏంటి?" అన్నాడు తమ్ముడు పొడిగా.

"ఆ రోజు నేనన్నది తప్పురా."

"తిన్నావా?" అని అడిగాడు తమ్ముడు.

"లేదు."

"ముందు తిను. పెద్దవాడివి, అది కూడా నేనే చెప్పాలా?"

అతను అన్నం డబ్బా మూత తీశాడు. మోత ఎక్కడికీ పోలేదు. కానీ తమ్ముడు మాట్లాడినంతసేపూ దాని సంగతే మరిచిపోయానని రెండో ముద్ద మింగాక గుర్తొచ్చింది.