పోలేదు, ఉండాది

అయినా పుంగనూరులో బస్సు దిగడం తప్పేమీ కాదు, అరగంట పనే కదా, అరగంటలో ఏం మునిగిపోతుంది అని సుబ్రమణ్యం తనకు తాను ఎన్నోసారో చెప్పుకుంటున్నాడు. ఆ అరగంట ఎప్పుడో దాటిపోయింది. ఎదురుగా తెర మీద తెల్లటి చుక్కలు ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతున్నాయి. వాటి కింద 'షట్టింగ్ డౌన్' అన్న రెండు మాటలు. నిన్న సాయంత్రం నుంచీ అంతేనట. పూర్తిగా ఆరదు, మళ్లీ వెలగదు.

అది ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ గది. ఆఫీసు పని చూసే ఫ్లారెన్స్ పొద్దున ఫోన్ చేసినప్పుడు అతను మదనపల్లెలో కుప్పం బస్సు ఎక్కి కూర్చుని ఉన్నాడు. "అన్నా, పోయినాది" అంది ఆమె. అందరూ అలాగే అంటారు. ఫలానాది చెడిందని, ఆగిందని ఎవరూ చెప్పరు. పోయినాది అంటారు. ముప్పై ఏళ్లుగా అతని జవాబు కూడా ఒకటే: "పోలేదు, ఉండాది. బటను ముట్టొద్దు. గమ్మునుండు, నేనొస్తాండా."

అతనికి యాభై ఆరేళ్లు. మదనపల్లె టమోటా మార్కెట్ వెనక సందులో చిన్న రిపేరు కొట్టు. సంచీ మోసి మోసి కుడి భుజం కాస్త కిందికి జారింది. గోళ్ల సందుల్లో ఎంత కడిగినా పోని నల్లటి దుమ్ము. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా రేపు చూద్దామన్నాడు. ఆ రేపు వచ్చి, గడప దగ్గర కాసేపు నిలబడి, ఎప్పుడో వెళ్లిపోయింది.

ఇలా మొరాయించిన యంత్రంతో ఎలా మెలగాలో అతనికి తెలిసినంత బాగా ఇంకేదీ తెలియదు. ముందు డిస్కు లైటు చూడాలి. మిణుకుమంటుంటే లోపల ఇంకా ఏదో రాసుకుంటోందని అర్థం. అప్పుడు నొక్కితే రాత సగంలో తెగుతుంది. ప్రింటరు వైరు, పెన్‌డ్రైవు పీకి చూడాలి. ఒక్కోసారి వాటిని పట్టుకునే అది వేలాడుతూ ఉంటుంది. లైటు ఆగి చాలాసేపు కదలకుండా ఉంటే, అప్పుడు చిట్టచివరగా, బటను నొక్కి పట్టుకుని పది లెక్కపెట్టాలి.

పది గంటలకు అతను వచ్చేసరికి లైటు మిణుకుతోంది. వైర్లు పీకాడు. పదకొండుకు లైటు ఆగిపోయింది. ఇప్పుడు ఒంటిగంట కావస్తోంది. లైటు ఆగిన సంగతి అతనొక్కడికే తెలుసు.

"నువ్వట్లా సూస్తా కూసుంటే అది సిగ్గుపడి ఆరకుండా ఉండాదేమో అన్నా" అంది ఫ్లారెన్స్ తలుపు దగ్గర నిలబడి. "బటను నొక్కేదానికి ముహూర్తం పెట్టీమంటావా?"

"గమ్మునుండుమా."

"యాడ గమ్మునుండేది? సారు రెండు తూర్లు అడిగినాడు. మూడు దినాలు కూసోని కొట్టిన మార్కులు. అవి పోతే నన్నే పొమ్మంటారు."

ఆమె వెళ్లిపోయింది. చుక్కలు తిరుగుతున్నాయి.

కుప్పం ఆస్పత్రిలో అక్క ఉంది. నిన్న డాక్టర్లు "ఇంక ఇంటికి తీసుకుపోండి" అన్నారు. ఆ మాటకు అర్థం ఎవరికైనా తెలుసు. ఇందాక పన్నెండింటికి మేనకోడలు ప్రీతి ఫోన్ చేసింది. "మామా, నువ్వొచ్చినాకే ఇంటికి పోదామంటాండాది అమ్మ. ఎవురు చెప్పినా యినదు. బిరీన రా."

అక్క కమలాక్షి ముప్పై ఏళ్లు పట్టుగూళ్లను వేణ్నీళ్లలో వేసి దారం తీసింది. వేళ్ల కొసలు ఉడికి, తెల్లగా ముడతలు పడి ఉండేవి. అమ్మ పోయినప్పుడు అతనికి ఐదేళ్లు. అప్పట్నుంచీ అక్కే ఆ వేళ్లతో సంగటి ముద్దలు చేసి పెట్టేది. ముద్దలో గూళ్ల వాసన వచ్చేది. బడిలో పిల్లలు ముక్కు మూసుకుంటే తనూ వాళ్లతో కలిసి నవ్వాడొకసారి. అక్క దూరంనుంచి చూసింది. ఆ రాత్రి ఆమె ముద్ద చేసి చేతికివ్వలేదు. గరిటెతో పళ్లెంలో వేసింది. అంతే. ఇద్దరూ ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

తను వచ్చాకే పోదామంది. అంటే తను చేరనంతసేపు అక్క బయల్దేరదు.

ఈ ఆలోచన తన ముందుకు ఇంత నిర్మొహమాటంగా వచ్చి నిలబడేసరికి సుబ్రమణ్యం ఉలిక్కిపడ్డాడు. లేచి, టీ తాగొస్తానని రోడ్డు దాటి వెళ్లాడు. సగం తాగాక గుర్తొచ్చింది, ఫోన్ ఫ్లారెన్స్ టేబుల్ మీద చార్జింగుకు పెట్టి మరిచిపోయాడని. మరిచిపోయాననే అనుకున్నాడు. మిగతా సగం టీ మరీ మెల్లగా తాగాడు.

తిరిగి వచ్చేసరికి ఫ్లారెన్స్ నవ్వుతూ ఎదురొచ్చింది.

"అన్నా, నీకు ఫోనొచ్చింది. మోగతానే ఉంటే ఎత్తినా. ప్రీతి అని పడింది. నేను హలో అనేలోపే 'మామా, పోయినాది' అని ఏడస్తా పెట్టేసింది. ఈ కాలం పిల్లోళ్లను సూడప్పా, కంప్యూటర్ పోయినా ఏడస్తారు!"

అతను గోడకు చెయ్యి ఆనించాడు.

"ఎంతసేపయింది?"

"ఇప్పుడే. నువ్వట్లా పోయినావు, అది ఇట్లా మోగింది. ఏది పోయినాదన్నా? కొత్తదా, పాతదా?"

అతను గడప దగ్గర చెప్పులు విడిచాడు.

"పెద్దది."

నాన్న అక్కను అలాగే పిలిచేవాడు. పెద్దది వచ్చిందా? పెద్దదాన్ని అడుగు. పెద్దది ఉంటే నాకేం బయం.

"అయ్యో, పెద్దదా! అయితే నువ్వు పోవల్లనే" అంది ఫ్లారెన్స్ జాలిగా.

"పోవల్ల" అన్నాడు.

కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. లైటు వంక చూశాడు. వెలగలేదు. రెండు గంటలుగా వెలగలేదు. బొటనవేలు బటను మీద పెట్టి నొక్కాడు. ఒకటి, రెండు. ఇంకా గట్టిగా నొక్కాడు. నాలుగు, ఐదు. ఆరు దగ్గర చుక్కలు మాయమయ్యాయి. ఫ్యాను మూలిగి ఆగింది. అతను ఎనిమిది, తొమ్మిది, పది కూడా లెక్కపెట్టాడు.

"కొంచేపు ఆగి వెయ్యమ్మా. మార్కులు ఉంటాయి. అది సెయ్యాల్సిన పని పదకొండుకే సేసేసింది. నేనే ఊరికే కూసునుండిపోయినా."

ఫ్లారెన్స్‌కు ఆ మాట అర్థం కాలేదు. అడిగేలోపు అతను ఫోను, సంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ గదిలోకి దుమ్ము పడుతుందని ఎవరూ చెప్పులతో రారు. తారురోడ్డు కాలుతోంది. బస్టాండు వైపు వెళ్తున్న మనిషికి ఆ సంగతి తెలుస్తున్నట్టు లేదు. గడప బయట, మడమల దగ్గర అరిగిన చెప్పుల జత ఒకటి, గదిలోకే ముఖం పెట్టి ఉంది.