అస్తరంగ నుంచి జవాబు

బడీలకు, అంటే ఎండబెట్టే మినప వడియాలకు, పిండి రుబ్బుతున్న సుకాంతి చెయ్యి ఉన్నట్టుండి ఆగింది. అరుగు మీది నుంచి అత్తగారు చూడనే చూసింది.

"ఏం బొహూ, మళ్ళీ నీ చెవిలో పురుగు కూసిందా? రుబ్బు, ఎండ పోతోంది."

చెవిలో పురుగంటే సాగర ప్రహరి సంఘం ఇచ్చిన రేడియో బుడిపె. ఆకాశంలో ఉపగ్రహాలన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుని ముక్కలైపోయాక, మందులూ విత్తనాలూ మోసే ఓడలకు దారి చెబుతున్నది ఆ సంఘమే. సముద్రపు దొంగలకూ రేడియోలున్నాయి కనుక మాటలన్నీ టకటకల సంకేతాల్లోనే నడుస్తాయి. తీరంలోని అస్తరంగ రేడియో స్టేషన్‌కు అధికారి ప్రద్యుమ్న. రేడియో స్తంభానికి తుప్పు గీకించడం, బ్యాటరీలు చూసుకోవడం, వచ్చినవాళ్ళతో చాయ్ తాగడం అతని పని. వినడం, విప్పడం, తిరిగి కొట్టడం అతని భార్య సుకాంతి పని. దాన్ని పని అని మాత్రం ఎవరూ అనరు. "మా ఆవిడకి ఊరికే కూర్చుంటే తోచదు, అందుకని వింటూ ఉంటుంది" అని అతను నలుగురిలో నవ్వుతాడు.

నిజానికి ఆమెకు అందులో ఉన్న సుఖం ఎవరికీ తెలియదు. పఖాళానికి అన్నం నీళ్ళలో వేస్తూ, చేపకు పొలుసు తీస్తూ, ఆమె సముద్రం మొత్తాన్నీ వింటుంది. చిట్టగాంగ్ స్టేషన్‌లో రజియా ఎప్పుడూ తొందరలో ఉన్నట్టు కొడుతుంది. అలసిపోయిన రోజున మధ్యలో చిన్న ఊపిరంత ఆగుతుంది. మొహం ఎరగని ఆడవాళ్ళ చేతులన్నీ సుకాంతికి తెలుసు.

ఇప్పుడు వచ్చిన సందేశం సంఘం వాళ్ళ శిక్షణ ఓడ నుంచి: కొత్త సంకేతాలు అల్లే పనికి మీ భార్యను ఎంచాం. ఆమె రానన్నట్టు తెలిసింది. నిజమేనా, ఖాయం చెయ్యండి.

ఎంచారని ఆమెకు తెలియదు. రానన్నానని అసలే తెలియదు.

షెడ్డు నుంచి ప్రద్యుమ్న వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అడిగింది.

"ఓడ మీదికి నేను రానన్నానా?"

"ఓ, అదా! మొన్న సంఘం ఇన్‌స్పెక్టర్ బాబు అడిగితే నేనే చెప్పేశా. వానలు పడేదాకా ఓడ మీదే ఉండాలట. నీ వల్ల ఏమవుతుంది?"

"నన్నొక్క మాట అడగాల్సింది."

"అడిగేందుకేముంది? నీ సంగతి నాకు తెలీదూ? అడిగితే ఊరికే మనసు పాడు చేసుకుంటావని."

అతను చెడ్డవాడు కాదు. ఆమెకు జ్వరమొస్తే గంజి కాచి పక్కన కూర్చుంటాడు. అదే చిక్కు. కొత్తకోడలిగా మొదటి భోజనానికి కూర్చున్ననాడు "సుకాంతికి చేప తల పడదు" అన్నాడు, ఎక్కడ విన్నాడో ఏమో. కొత్త గనుక ఆమె కాదనలేదు. అప్పటి నుంచి ఏ విందులోనూ ఆమె విస్తట్లో తల పడలేదు. పుట్టింట్లో ఆ తల కోసం అన్నదమ్ములతో జుట్టూజుట్టూ పట్టుకున్న పిల్ల! ఆమె ఏ రంగు చీర కోరుతుందో, ఎవరింటికి వెళ్ళాలనుకోదో, దేనికి అలసిపోతుందో, అన్నీ అతనికి తెలుసు. ప్రేమగా తెలుసు. ఆ తెలియడంలో తానెక్కడున్నానా అని ఆమె ఇన్నేళ్ళూ వెతుక్కోలేదు. ఇవాళ తన కాదనడాన్ని తన చేత్తోనే ఖాయం చెయ్యమంటే, వేళ్ళు ఒప్పుకోవడం లేదు.

"పిండి గిన్నె ఇలా తే" అంది అత్తగారు, అరుగు దిగివచ్చి. కొడుకు వైపు తిరిగింది. "మీ నాన్నా ఇంతే. చంద్రభాగ మేళాకి నేనే రానన్నానని బతికినన్నాళ్ళూ ఊరంతా చెప్పుకున్నాడు. నన్నడిగితేగా, నేను రానని చెప్పడానికి!"

"అదేంటి బౌ, నువ్వు కూడా..." అన్నాడు ప్రద్యుమ్న తల్లితో.

"ఏడిశావులే. పక్కకి జరుగు, నీడ పడుతోంది. బడీలు ఎండాలి."

సుకాంతికి నవ్వొచ్చింది. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి రేడియో ముందు కూర్చుంది. ప్రద్యుమ్న వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం కొడుతున్నావ్?"

"వస్తున్నానని."

అతను ఆమె మొహంలోకి చూశాడు. అంత తేలిగ్గా ఉన్న మొహం అతను ఆ ఇంట్లో చూసి చాలాకాలమైంది.

ఇన్నాళ్ళూ ఆ స్టేషన్ నుంచి వెళ్ళిన ప్రతి సందేశం చివరా ప్రద్యుమ్న పేరే ఉండేది. ఈసారి ఆమె ఒక్క క్షణం తడుముకుని, సుకాంతి అని కొట్టింది. సముద్రంలో అందరి పేర్లూ విన్న ఆ చెవి, తన పేరు ఎలా మోగుతుందో వినడం అదే మొదలు.