ఈస్ట్ సున్నా

మామగారికి మోకాలి ఆపరేషన్ ఖాయమైంది. ఆ రెండు వారాలూ బేకరీ అత్తగారు చూసుకోవాలి. ఆవిడ చేతి రొట్టెకు వంక పెట్టడానికి లేదు గానీ, లెక్కలంటే మాత్రం ఆమడ దూరం. అందుకని కోడలు పైథాన్ అనే కంప్యూటర్ భాషలో చిన్న స్క్రిప్టు రాసింది. నాలుగు ట్రేలకు రాసిపెట్టిన కొలతలను ఎన్ని ట్రేలు కావాలంటే అన్నింటికి అదే మార్చి చెబుతుంది. తన ల్యాప్‌టాప్‌లో పదిసార్లు నడిపి చూసుకుని, బేకరీలోని పాత కంప్యూటర్లోకి ఎక్కించి, ఆఫీసుకు వెళ్లిపోయింది.

సాయంత్రం వచ్చేసరికి బల్ల మీద ఒక రొట్టె ఉంది. మామగారు దాన్ని వేలితో కొట్టారు. టక్కుమంది.

"ఏంటి మామయ్యా ఇది?"

"నీ స్క్రిప్టు చెప్పిన రొట్టె. ఒక ట్రేకి అడిగాను."

"ఈస్ట్ వెయ్యలేదా?"

"సున్నా అంది. సున్నాయే వేశాను. ఎంత జాగ్రత్తగా వేశానో మీ అత్తనడుగు."

"వద్దంటే విన్నారా? రెండు కిలోల పిండి మట్టిపాలు చేశారు," అంది అత్తగారు.

"నా ల్యాప్‌టాప్‌లో బాగానే వచ్చిందే!"

"ల్యాప్‌టాప్‌లో రొట్టెలు కాల్చలేం కదమ్మా."

కోడలు ఉడుక్కుంటూ కంప్యూటర్ ముందు కూర్చుంది. అందులోని పైథాన్ వెర్షన్ ఎంతో దాన్నే అడిగింది. రెండు పాయింట్ ఏడు. ఆమె ల్యాప్‌టాప్‌లో ఉన్నది మూడు. మూడు చెంచాల ఈస్ట్‌ను నాలుగుతో భాగిస్తే ముప్పావు రావాలి. పాత వెర్షన్ పాయింటు తర్వాతదంతా కత్తిరించేసి, సున్నా చేతిలో పెట్టింది. ఉప్పుదీ అదే గతి.

"పొయ్యి వేడెంతో చూడకుండా నేను ట్రే లోపల పెడతానా?" అన్నారు మామగారు.

కోడలు నాలిక్కరుచుకుంది. కొత్త వెర్షన్ ఎక్కించి, స్క్రిప్టు మొదట్లోనే వెర్షన్ చూసుకునే లైన్లు చేర్చింది. పాతదైతే లెక్క చెప్పకుండా ఆగిపోవాలి.

"ఆగితే ఆగింది, కాస్త మర్యాదగా చెప్పమను," అంది అత్తగారు. దాంతో "అత్తయ్యా, ఇది పాత వెర్షన్. కోడలికి ఫోన్ చెయ్యండి" అనే మాట కూడా చేరింది.

ఆ రెండు వారాలూ రొట్టెలు దూదిపింజల్లా పొంగాయి. మామగారికి మాత్రం మంచం మీద కాలు నిలవలేదు. రోజూ పొద్దున్నే బేకరీలో ఉన్న అత్తగారికి ఫోన్ చేసేవారు.

"వెర్షన్ చూశావా?"

"చూశాను. మీరు మాత్ర వేసుకున్నారా?"

అవతల మాత్రల డబ్బా వెతుకుతున్న చప్పుడు వినిపించేది.