గేటు పక్కన కొండముళ్ల మొక్క

వేణుమాధవ్‌కు శకునాలంటే నవ్వు. రైల్వేలో ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లి ఎదురొచ్చినా, ఎవరైనా తుమ్మినా ఆగిన పాపాన పోలేదు. భార్య సుమిత్ర గుమ్మానికి నిమ్మకాయ కడితే, "పులిహోరల పిండితే పనికొస్తుండె గదా" అని ఏడిపించేవాడు. అలాంటి మనిషి ఆ ఉదయం మెట్టుగూడలో తన ఇంటి గేటు దగ్గర నిలబడి, ఒక ముళ్లమొక్కను చూసి భయపడుతున్నాడు.

ఆ మొక్క కూతురు సృజనది. హిమాచల్ కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినప్పుడు ఊదారంగు ముళ్లపువ్వు ఒకటి ఎండి దూదిలా విచ్చుకుంటే, ఆ గింజలు పట్టుకొచ్చింది. చలి తగిలితేనే బాగా మొలుస్తాయని తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో దాచింది. సుమిత్ర వాటిని జీలకర్ర అనుకుని పోపులో వేయబోయింది కూడా. మల్కాజ్‌గిరిలో సృజన ఉండే ఫ్లాట్‌లో పిడికెడు మట్టి లేదు కాబట్టి పుట్టింట్లోనే తోట పెట్టింది. తోటంటే తవ్వడం లేదు, ఎరువు లేదు, రాలిన ఆకు రాలిన చోటే. బాగు చేయించడానికి కూలీలను పంపమంటారా అని పక్కింటివాళ్లు జాలిపడ్డారు.

ఆ కొండ గింజల్లో మొలిచినవాటిలో ఒక్కటే మిగిలింది. మొదటి ఏడాదంతా నేలకు కరుచుకుని ముళ్ల ఆకులు పరిచింది. రెండో చలికాలం దాటాక కాడ లేచి, చివర గట్టి మొగ్గ వేసింది. కాన్పుకు వచ్చిన సృజన రోజూ దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేది.

"నాన్నా, దీన్ని మాత్రం ఎవ్వరూ ముట్టొద్దు. వేరు సీదా కిందికి పోతది. కదిలిస్తే బతకదు," అని మరీ మరీ చెప్పింది.

"కడుపుతోటి ఉన్న పిల్ల తిరిగే జాగల ముళ్లేందయ్యా? తీసి పారెయ్," అని సుమిత్ర గొడవ. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఆ ఉదయానికి ముందురోజు డాక్టర్ దగ్గరికి వెళ్తుంటే సృజన చున్నీ ఆ ముళ్లకు చిక్కుకుంది. "పోవద్దంటున్నది చూడు నాన్నా," అని తనే నవ్వుతూ విడిపించుకుంది. బీపీ బాగా పెరిగిందని ఆస్పత్రిలో అక్కడే ఉంచేశారు. సుమిత్ర కూతురి దగ్గరే ఆగిపోయింది. తెల్లారాక ఫోన్ చేసింది.

"ఆపరేషన్ చేస్తరట. లోపల బిడ్డ గుండె జెర తేడాగా కొట్టుకుంటున్నదట. బట్టలు, ఫ్లాస్కు పట్టుకొని జల్ది రా."

ఆయన సంచీ పట్టుకుని గేటు దాకా వచ్చాడు. చున్నీ చిక్కిన ఆ ముళ్లు కళ్లబడి, అక్కడినుంచి అడుగు పడలేదు. ఇదంతా ఉత్తదేనని ఆయనకు తెలుసు. కానీ కాకపోతే? ఒకవేళ కాకపోతే, ఆ తర్వాత తన మొహం తను ఎలా చూసుకోవాలి? సంచీ కిందపెట్టి గడ్డపార తెచ్చాడు. ఎంత తవ్వినా వేరు పూర్తిగా రాలేదు, లోపలెక్కడో పుటుక్కున తెగింది. చేతుల నిండా ముళ్లు దిగాయి.

అప్పుడే ఆటో ఆగింది. వియ్యపురాలు వీరరాఘవమ్మది కాకినాడ వైపు, ఇప్పుడు ఉండేది బోయిన్‌పల్లి. కలిసి ఆస్పత్రికి వెళ్దామని వచ్చిన ఆవిడ ఆయన చేతిలోని మొక్కను చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో, ఇదేం పనండీ అన్నయ్యగారూ! ఇంట్లో పిల్ల కడుపుతో ఉంటే పచ్చని కొమ్మ కూడా తుంచరు కదండీ. మొగ్గతో ఉన్నదాన్ని పీకేశారా?"

"ముళ్లుండొద్దని మీ వదిననే అన్నది చెల్లెమ్మా..."

"ముళ్లుంటే ఏమైందండీ? ప్రాణం ఉంది కదా!"

వేణుమాధవ్ చేతిలోని మొక్కకేసి చూశాడు. ఉంచితే ఒక భయం, పీకితే అంతకు మించిన భయం. మోకాళ్ల మీద కూర్చుని, మొక్కను మళ్లీ గుంతలో నిలబెట్టి, చేతులతోనే మట్టి కప్పాడు. బకెట్టెడు నీళ్లు పోశాడు. ఎండ తగలకుండా గొడుగు విప్పి పెట్టాడు. "బతుకు తల్లీ, బతుకు," అన్నాడు. మొక్కతో అన్నాడో, కూతురితో అన్నాడో ఆయనకే తెలియదు. వీరరాఘవమ్మ సంచీ అందుకుని ఆటో ఎక్కింది.

ఆపరేషన్ గది తలుపు కదిలినప్పుడల్లా ఆయన లేచి నిలబడ్డాడు. కూర్చోలేక వరండా చివరికి వెళ్లి, ఎదురింటి అనుపమకు ఫోన్ చేసి మొక్కను చూడమన్నాడు.

"వాలిపోయిందంకుల్. ఆకులన్నీ కిందికి ఒరిగినయ్."

ఆ మాట ఎవరికీ చెప్పలేదు. గోడకు ఆనుకుని, దేవుడి పేరు ఒక్కటీ నోటికి రాక, ఊరికే పెదవులు కదిలించాడు.

నర్సు వచ్చి ఆడపిల్ల అంది, తల్లీబిడ్డా క్షేమమంది. సుమిత్ర, వీరరాఘవమ్మ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. వేణుమాధవ్ కూడా ఏడ్చాడు. కానీ లోపలికి మాత్రం అందరికన్నా వెనకగా వెళ్లాడు.

"మొగ్గ విచ్చిందా నాన్నా?" సృజన మొట్టమొదట అడిగింది అదే.

ఇంకా లేదు అనే అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. కూతురు ఆయన చేతులకేసి చూస్తోంది. వాచి, ఎర్రగా ఉన్నాయి.

"నేనే పీకిన బిడ్డా. భయమైంది."

సృజన కళ్లు మూసుకుంది. కన్నీళ్లు చెంపల మీదికి జారాయి. ఆయన తల దించుకున్నాడు. ఆమె చెయ్యి వచ్చి ఆయన వేళ్లను పట్టుకుంది.

"చున్నీ చిక్కినప్పుడు నాకు సుత మస్తు భయమైంది నాన్నా. అప్పుడే పీకి పారేద్దామనుకున్న. నువ్వు నవ్వుతవని ఆగిన."